గాలి కూర్చున్న చోటు

మా తమ్ముడు అప్పలరాజు తన లారీకి కొత్త క్లచ్ ప్లేటు వేయించిన మర్నాడే నేను అనంతగిరి కొండ ఎక్కాల్సి వచ్చింది. ప్లేటు వేశారు, బోల్టులు బిగించారు, ఇంజను స్టార్టయింది. కానీ క్లచ్ పెడలు కిందికంటా తొక్కినా గేరు పడడం లేదు. వేయబోతే గరగరమని పళ్లు కొరుకుతోంది. ఈ కబురు వాడు ముందురోజు సాయంత్రం ఫోనులో చెప్పాడు. లారీ ఆగిన చోట సిగ్నలు లేదట. గంటసేపు గుట్ట ఎక్కి, పైనున్న బండరాయి మీద నిలబడి చెప్పాడు.

వాడు ఫోను చేసింది మా ఆయనకి. శృంగవరపుకోటలో మా ఆయన లారీల షెడ్డు నడుపుతాడు. మామూలు రోజైతే పానాల సంచీ పట్టుకుని తనే బయల్దేరేవాడు. కానీ వారం కిందట మెట్ల మీంచి జారి, కుడికాలు మోకాలి దాకా సిమెంటు కట్టులో ఉంది. షెడ్డులో పనిచేసే రమణ మాల వేసుకుని శబరిమల వెళ్లాడు. లారీ దగ్గర ఫోను మోగదు కాబట్టి, చూడాల్సినవన్నీ ఎవరో ఒకరు బుర్రలో పెట్టుకుని వెళ్లాలి.

"నువ్వెళ్లు. మన పెళ్లిలో ఏ బంతికి ఏ కూర తరిగిపోయిందో ఇప్పటికీ చెప్తావు. ఇవి ఐదే ఐదు ముక్కలు" అన్నాడాయన.

ఆ ఐదూ రాత్రి భోజనాల దగ్గర చెప్పాడు. నేను చిటికెన వేలితో మొదలుపెట్టి బొటనవేలి దాకా ఒక్కో వేలికి ఒక్కోటి అంటించుకున్నాను. వాటికంటే ముందు ఇంకో మాట చెప్పాడు. ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య ప్లేటు ఉంటుంది. మనం పెడలు తొక్కితే పై సిలిండరులోంచి ఆయిలు సన్నటి గొట్టంలో కిందికి పోయి, కింది సిలిండరులోని కడ్డీని నెడుతుంది. కడ్డీ ఒక ఫోర్కుని తోస్తుంది, ఫోర్కు ప్లేటుని వదిలిస్తుంది. ఎక్కడ తోపు తగ్గినా ప్లేటు వదలదు. ముప్పై ఏళ్లు ఆ షెడ్డు వెనకే వంట చేశాను గానీ, క్లచ్ అంటే ఇదని ఆ రాత్రే తెలిసింది.

"ఈ ఐదూ అయ్యేదాకా గేరుబాక్సు మళ్లీ దించనివ్వకు" అని పడుకోబోతూ ఇంకోసారి చెప్పాడు.

పొద్దున ఎనిమిదింటికి రావలసిన కిరండూల్ పాసింజరు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. బొర్రా దాకా టికెట్టు ముప్పై రూపాయలు. శీతాకాలం కదా, విశాఖపట్నం నుంచి అరకు చూడడానికి వచ్చే వాళ్లతో పెట్టె కిక్కిరిసి ఉంది. కొండ చూడదలచుకున్న వాళ్లు ఎక్కేటప్పుడు కుడివైపు కిటికీ పట్టండి, లోయలన్నీ ఎక్కువగా అటే వస్తాయి. నాకు కిటికీ దొరకలేదు. ఎండుచేపల బుట్టతో అరకు సంతకి పోతున్న ఒకావిడ కాళ్లు ముడుచుకుని చోటిచ్చింది.

నా సంచీలో తిండి కాక రెండే వస్తువులు. రుమాల్లో చుట్టిన కొత్త రబ్బరు బిళ్లలు, ఆసుపత్రిలో రోగులకి పెట్టే సెలైన్ గొట్టం ఒకటి. అరటిపండు తీద్దామని సంచీ విప్పితే ఆ గొట్టం చేపలావిడ కంట పడింది.

"ఎవులికి బాగోలేదమ్మా?" అని జాలిగా అడిగింది.

"లారీకి" అన్నాను.

బొర్రా వచ్చేదాకా ఆవిడ నన్ను ఓరగా చూస్తూనే ఉంది.

బొద్దవర దాటాక ఇంజను కొండ పట్టింది. టైడా దగ్గర మంచు ఇంకా పట్టాల మీదే ఉంది. సొరంగం వచ్చినప్పుడల్లా కుర్రకారు కేకలు పెడుతున్నారు, వెలుతురు రాగానే ఫోన్లు బయటికి చాపుతున్నారు. నేను మాత్రం వేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. చిటికెన వేలు పెడలు కింద అడ్డు, ఉంగరం వేలు ఫోర్కు కదలిక, మధ్యవేలు పదిసార్లు తొక్కడం, చూపుడు వేలు రబ్బర్లు, బొటనవేలు గాలి.

పదిన్నరకి బొర్రాలో దిగాను. స్టేషను బయట వెదురు బొంగులో కాల్చిన కోడి అమ్ముతున్నారు. అంత పొద్దున్నే ఎవరు తింటారో అనుకున్నాను గానీ తినేవాళ్లు ఉన్నారు. నేను టీ తాగి సర్వీసు జీపు ఎక్కాను. జీపు నిండితేనే కదులుతుంది, అరగంట ఆగాల్సి వచ్చింది. నేరేడుగుడ మలుపు దగ్గర దింపారు. అక్కణ్ణించి మట్టి కలిసిన తారు రోడ్డు, కాఫీ తోటల మధ్య నడక. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, వాటి కింద ఎర్రగా పండిన కాఫీ. పండొకటి కోసి నోట్లో వేసుకున్నాను. పైన తోలు తియ్యగా ఉంది, లోపల గింజ జారుడుగా ఉంది. ఇది కాఫీ ఎలా అవుతుందో ఎంత నమిలినా తెలియలేదు.

పన్నెండు కావస్తుండగా లారీ కనపడింది. దిగుడు రోడ్డులో, ముక్కు దిగువకి పెట్టి, ముందు చక్రాలకి రాళ్లు అడ్డం వేసి ఉంది. ఈ కొండల్లో డ్రైవర్లంతా అలాగే ఆపుతారు. పొద్దున చలికి బ్యాటరీ మొరాయిస్తే బండి దొర్లించి స్టార్టు చేసుకోవచ్చని. లారీ నిండా కాఫీ పళ్ల బస్తాలు. ముందురోజు మెకానిక్కు పని అయిపోవచ్చిందంటే నమ్మి ఎక్కించేశారు. బస్తాల మీద స్వెట్టరు వేసుకున్న పెద్దావిడ కూర్చుని ఉంది. కింద గేరుబాక్సు దించడానికి మెకానిక్కు దుంగలు పేరుస్తున్నాడు.

"అప్పా, నువ్వొచ్చావేటి? బావేడి?" అన్నాడు తమ్ముడు.

"బావ కాలు మంచం మీద ఉంది. బుర్ర నాతో పంపాడు. ముందు ఆ దుంగలు ఆపించు" అన్నాను.

మెకానిక్కు పేరు మోషే. అరకులో చిన్న షెడ్డు, నలభై ఏళ్ల మనిషి. ప్లేటు తిరగేసి వేశానేమోనని రాత్రంతా నిద్రపోలేదట. మళ్లీ విప్పి చూస్తేగాని మనసు ఒప్పదన్నాడు. విప్పి బిగించడానికి చీకటి పడుతుందని కూడా తనే చెప్పాడు.

చీకటి పడితే ఏమవుతుందో బస్తాల మీదున్నావిడ చెప్పింది. ఆమె పేరు దాలిమ్మ. ఆ ఊరి ఆడవాళ్ల సంఘానికి పెద్ద. ఇన్నేళ్లూ పచ్చివీ పండువీ కలిపి కోసి, సంతలో షావుకారు ఎంతంటే అంతకి ఇచ్చేసేవారు. ఈ ఏడాదే మొదటిసారి, పండినవే ఏరి కోసి, తోలు తీసే మిషను వాళ్లకి ఇస్తామని ఒప్పుకున్నారు. ఇది తొలి లోడు. నిన్న కోసిన పళ్లు ఇవాళ సాయంత్రం ఆరు లోపల మిషనుకి చేరాలి. లేకపోతే పులిసిపోతాయి. తొలి లోడే పులిసిందంటే మిగిలిన రెండు కోతలూ వాళ్లు తీసుకోరు. మళ్లీ షావుకారే గతి.

"పన్నెండు గడపలోల్లు నా మాట ఇని పచ్చికాయ ముట్టలేదు" అంది.

నేను చిటికెన వేలు విప్పాను. పెడలు కింద గోనెపట్టా ఉంది గానీ అడ్డు రావడం లేదు. ఉంగరం వేలు. తమ్ముడు పైన తొక్కుతుంటే మోషే, నేను కింద పడుకుని చూశాం. ఫోర్కు బొటనవేలి మందం కదిలితే తప్పు లోపల ఉన్నట్టు, గోరంత కదిలితే తప్పు బయటే ఉన్నట్టు అని మా ఆయన మాట. గోరంతే కదిలింది. మోషే తలకింద చేతులు పెట్టుకుని అలాగే కాసేపు పడుకుండిపోయాడు.

"అంటే నా ప్లేటు తిన్నగానే ఉన్నట్టే కదమ్మా" అన్నాడు.

"బోల్టు విప్పకుండానే తెలిసింది చూడు" అన్నాను.

మధ్యవేలు. ఆపకుండా పదిసార్లు తొక్కితే పెడలు గట్టిపడింది, కాసేపటికి మళ్లీ మెత్తబడింది. అంటే ఆయిల్లో గాలి చేరింది. ఆయిలు నలగదు, గాలి నలుగుతుంది. మన తోపంతా గాలిని నలపడానికే సరిపోతుంది. ప్లేటు మార్చేటప్పుడు అడ్డం వస్తోందని మోషే కింది సిలిండరు గొట్టం ఊడదీశాడు, గాలి అప్పుడే దూరి ఉంటుంది. చూపుడు వేలు, సిలిండరులో ఆయిలు కారకుండా ఆపే రబ్బర్లు. పాతవి కొంచెం అరిగాయి, కొత్తవి వేశాడు. ఇక బొటనవేలు. కింది సిలిండరుకి గాలి తీసే మర ఒకటి ఉంటుంది. దానికి సెలైన్ గొట్టం తొడిగి, కొస ఆయిలు సీసాలో ముంచి, పైన తొక్కిపట్టినప్పుడు మర వదులు చెయ్యాలి. గాలి బుడగలుగా వస్తుంది. బుడగలు ఆగిపోతే పని అయినట్టు.

రెండు బుడగలు వచ్చాయి. తర్వాత ఉత్త ఆయిలే. ముప్పైసార్లు తొక్కించాం. ఒక్క బుడగ లేదు. అయినా పెడలు మెత్తగానే ఉంది, గేరు గరగరమంటూనే ఉంది.

నా చేతికి ఇంకో వేలు లేదు. టైము ఒంటిగంటంపావు.

మోషే మళ్లీ దుంగల వైపు చూశాడు. తమ్ముడికి ఇంకో ఆలోచన వచ్చింది. గేరులో పెట్టి సెల్ఫు కొడితే బండి కదులుతుంది, క్లచ్ లేకుండానే పోనిచ్చేస్తానన్నాడు. మలుపులో ఎదురుగా బస్సొస్తే ఆపి, ఎక్కుడులో మళ్లీ ఎలా కదుపుతావని అడిగాను. ముందు అన్నం తినండి అంది దాలిమ్మ.

సామ అన్నం, చిక్కుడుగింజల కూర పెట్టారు. చేతులు కడుక్కుందామని కుళాయి విప్పితే అది దగ్గి, రెండు చుక్కలు రాల్చి, ఆగిపోయింది. ఆ ఊరికి మోటారు లేదు. పైన కొండలో ఊట ఉంది. అక్కణ్ణించి గొట్టం వేసుకున్నారు, నీళ్లు వాటంతట అవే దిగుతాయి. గొట్టం చూసుకోవడం వారానికొక ఇంటి వంతు. ఈ వారం దాలిమ్మది.

"గాలి పట్టేసినాది. ఇప్పుడే వొత్తాను" అని చిన్న రెంచీ తీసుకుని బయల్దేరింది. గొట్టానికి గాలి పట్టడమేమిటో చూద్దామని నేనూ వెంటపడ్డాను.

పది నిమిషాల నడక. గొట్టం ఒకచోట బండ మీదుగా మూపురంలా ఎక్కి దిగుతోంది. దాలిమ్మ సరిగ్గా ఆ మూపురం మీద జాయింటు వదులు చేసింది. బుస్సుమని గాలి వచ్చింది, తర్వాత తుంపర్లు, తర్వాత నీళ్లు. బిగించేసింది. కింద ఊళ్లో బిందెలో నీళ్లు పడే చప్పుడు అక్కడికే వినపడింది.

మరి ఇంటి దగ్గర కుళాయి విప్పితే గాలి పోదా అని అడిగాను. నన్ను చూసి నవ్వింది.

"గాలి ఎత్తుమీద కూకుంటాది అప్పా. పల్లంలో ఇప్పితే నీళ్లొత్తాయి గానీ గాలెందుకొత్తాది? మీ లారీ గొట్టానికి ఎత్తేది?"

మా ఆయన ఆ ముక్క చెప్పలేదు. దిగేటప్పుడు ఇద్దరం బేగి నడిచాం.

మోషే అన్నం తిని, పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నాడు. దాలిమ్మ అడిగింది అడిగినట్టే చెప్పాను. అతను సగం నీళ్లున్న సీసా తీసుకుని లారీ కిందికి దూరాడు. నేనూ దూరాను. సిలిండరు పొడుగ్గా, ఇంజను నుంచి వెనక్కి పడుకుని ఉంటుంది. గాలి తీసే మర దాని ముందు కొసలో ఉంది. మోషే సీసాని సిలిండరు పక్కనే దాని వాలులోనే పట్టుకున్నాడు. సీసాలోని గాలి మెల్లగా పాక్కుంటూ వెనక కొసకి పోయింది.

లారీ ముక్కు దిగువకి ఉంది. అందుకని సిలిండరు వెనక కొస ఎత్తు, మర ఉన్న ముందు కొస పల్లం. ఆయిలు గొట్టంలోంచి వచ్చి, పక్కనే ఉన్న మరలోంచి పోతోంది. గాలి వెనక రబ్బరు దగ్గర హాయిగా కూర్చుంది. మా ఆయన షెడ్డు నేల బల్లపరుపు. ఆయనకి ఈ సంగతి చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. మోషే షెడ్డు కూడా అంతే.

"ఎదవ గాలి, ఎక్కడ దాగుందో సూడు" అని మోషే నవ్వాడు. నేను వచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

కాబట్టి లారీ ముక్కు ఎగువకి తిప్పాలి. గేరు పడని లోడు బండిని ఆ ఇరుకు రోడ్డులో తిప్పడం అవ్వదు. కానీ వంద గజాల దిగువన గెడ్డ మీద చిన్న వంతెన ఉంది, అది దాటగానే రోడ్డు మళ్లీ ఎక్కుతుంది. ఇంజను నడుస్తుండగా న్యూట్రల్లో వదిలితే బండి వంతెన దాటి, ఆ ఊపులోనే అవతలి ఎక్కుడు కొంచెం ఎక్కుతుంది. అక్కడ ఆపితే ముక్కు దానంతట అదే పైకి ఉంటుంది. బ్రేకు పట్టకపోతే మాత్రం లారీ, బస్తాలు అన్నీ గెడ్డలోకే.

తమ్ముడు దాలిమ్మ వైపు చూశాడు. బస్తాలు దించేసి చేద్దామా అని అడిగాడు. దించి, మళ్లీ ఎక్కించడానికి రెండు గంటలు పడుతుంది. అప్పటికే టైము రెండుంపావు.

దాలిమ్మ లారీ చుట్టూ ఒకసారి నడిచింది. ఒక బస్తాలో చెయ్యి పెట్టింది. లోపల వెచ్చగా ఉందేమో, చెయ్యి తీసి కొంగుకి తుడుచుకుంది.

"దించొద్దు. పోనీ" అంది. తర్వాత తమ్ముడితో, "నీకు బయ్యమేస్తే సెప్పు. అప్పుడు దించుతాం" అంది.

"బయ్యమే. అయినా పోనిత్తాను" అన్నాడు తమ్ముడు.

ఊళ్లో ఉన్న ఆడామగా రాళ్లు పట్టుకుని వంతెన అవతల నిలబడ్డాం. నా చేతిలోనూ ఒక రాయి. ముందు చక్రాల అడ్డు తీయగానే లారీ మూలిగింది, మెల్లగా కదిలింది. తమ్ముడు బ్రేకు మీద ఉంచి తెచ్చాడు. వంతెనకి పది గజాల ముందు బ్రేకు వదిలాడు. వంతెన దడదడలాడింది. లారీ ఎక్కుడు పట్టి, తగ్గి, తగ్గి, ఆగింది. ఆగి వెనక్కి జానెడు జారింది. అప్పటికి ఎనిమిది రాళ్లు వెనక చక్రాల కింద పడ్డాయి. నేను నాది వేశానో, పట్టుకునే ఉన్నానో గుర్తులేదు. నాకు గుర్తులేనివి తక్కువ, వాటిలో ఇదొకటి.

గొట్టం మళ్లీ తొడిగారు. మొదటి తొక్కుడుకే సీసాలో బుడబుడమని గాలి వచ్చింది. రెండోసారి, మూడోసారి ఇంకా. ఆరోసారికి ఉత్త ఆయిలు. ఫోర్కు బొటనవేలి మందం కదిలింది. తమ్ముడు క్లచ్ తొక్కి గేరు వేస్తే చప్పుడే లేదు. వెయ్యలేదేమో అనుకుని దాలిమ్మ ఇంకా అలాగే చూస్తోంది. "పడింది, ఎక్కు" అన్నాను.

మూడుంపావుకి కదిలాం. ముందు సీట్లో దాలిమ్మ, నేను, మోషే. ప్రతి మలుపులో తమ్ముడి ఎడమకాలు చూస్తూనే ఉన్నాను. అనంతగిరి వైపు రోడ్డులో ఒక టూరిస్టు బస్సు అడ్డం నిలబడి పావుగంట ఆపేసింది. ఎక్కుడులోనే ఆగి, ఎక్కుడులోనే కదిలాం. నాలుగూ యాభైకి మిషను దగ్గరికి చేరాం.

అక్కడ పళ్లు దించుకునే ఆయన ప్రతి బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి వాసన చూశాడు. ఒక పండు నొక్కితే గింజ గభాలున జారి బయటపడింది. దాలిమ్మ అతని ముఖం తప్ప ఇంకేమీ చూడలేదు. అడుగున ఉన్న రెండు బస్తాలు పక్కన పెట్టాడు. అవి కాగాయి, పులుపు తిరిగాయి. మిగిలినవన్నీ తీసుకున్నాడు. తర్వాతి కోత ఎప్పుడని అడిగాడు.

"పది రోజులకి" అంది దాలిమ్మ. గొంతు గట్టిగానే ఉంది. కానీ ఆ రెండు బస్తాలూ తన ఇంటివేనని నాతో మెల్లగా చెప్పింది. అందరివీ పైన వేయించి, తనవి అడుగున వేయించుకుందట. ఇంటి ముందు చాప మీద ఎండబెట్టుకుని సంతలో అమ్ముకుంటానంది. అందులో బాధపడాల్సింది ఏముందన్నట్టు చెప్పింది.

ఐదున్నరకి అరకు నుంచి దిగే బస్సు దొరికింది. శృంగవరపుకోట దాకా కాలు చాపుకుని కూర్చునేంత ఖాళీ. నా పక్కన, పాడేరు వైపు బడిలో పాఠాలు చెప్పే ఒక మాస్టారు కూర్చున్నారు. అరకులో ఏం చూశారమ్మా అని అడిగారు. అరకు దాకా వెళ్లలేదన్నాను. పోనీ బొర్రా గుహలు చూశారా అన్నారు. స్టేషను చూశానన్నాను. ఆయన నన్ను చూసి కొంచెం జాలిపడ్డారు.

నేను చూసింది చెప్పడానికి ఘాటు రోడ్డంతా పట్టింది. మీరెవరైనా ఆ కొండల్లోకి బండి వేసుకుని వెళితే, బండి చెడితే, మెకానిక్కుని పిలవండి, అది తప్పదు. అతను వచ్చేలోగా మాత్రం ఆ ఊళ్లో ఈ వారం నీళ్ల గొట్టం వంతు ఎవరిదో కనుక్కుని, వాళ్లింటికి వెళ్లి కూర్చోండి. బస్సు దిగుతున్నంతసేపూ దాలిమ్మ అడుగు బస్తాలే కళ్లముందు ఉన్నాయి. వాటిని ఎండలో పరిచే చాప ఎంత పెద్దదో అడగనేలేదు. పది రోజులకి కోత అని తనే అంది కదా. అప్పుడు మళ్లీ కొండెక్కి అడుగుతాను.